గడప దాటని సూరమ్మ

ఒకప్పుడు కొమ్ముపిట్టల గూటికి తలుపూ లేదు, గోడా లేదు. చెట్టు తొర్రలోకి ఎప్పుడంటే అప్పుడు రావచ్చు, పోవచ్చు.

పాపికొండల అడవిలో పెద్దిరాజు అనే కొమ్ముపిట్ట ఉండేవాడు. ఇంత పొడుగు ముక్కు, దాని మీద ఇంకో కొమ్ము! అది కొమ్ము కాదు, తలపాగా అనుకునేవాడు పాపం. పొద్దున లేస్తే పక్షుల పంచాయితీలో తీర్పులు చెప్పడమే అతని పని. పండ్లు తెచ్చేది, తొర్ర ఊడ్చేది, పిల్లల్ని సాకేది అంతా పెళ్లాం సూరమ్మే.

ఒకనాడు పంచాయితీలో పెద్దిరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇంటి ఇల్లాలు గడప దాటకూడదు! ఇంట్లో కూర్చునేవాళ్లకి అసలు పనేముంటుంది?"

పిట్టలన్నీ టపటపా రెక్కలు కొట్టాయి. మేడిపండ్లు మోసుకెళ్తున్న సూరమ్మ చెవిన ఆ మాట పడింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం పెద్దిరాజు ఇంటికొచ్చేసరికి తొర్రకి మట్టిగోడ! ముక్కు దూరేంత సందు మాత్రం ఉంది.

"ఇదేంటే సూరమ్మా?"

"మీరు చెప్పిందేనండి. ఇంక గడప దాటను. గుడ్లు పెట్టాను, ఆకలేస్తోంది. ఏమన్నా పట్రండి."

పెద్దిరాజు పొంగిపోయాడు. ఇలాంటి ఇల్లాలు ఎవరికుందని అడవంతా చాటాడు. నాలుగు పండ్లు తెచ్చేసరికే రెక్కలు పీకాయి.

ఇంతలో పిల్లలు పుట్టాయి. ఇక ఒకటే ఆకలి కేకలు.

"బయటికి రావే, నా వల్ల కాదు!"

"ఎలా రానండి? గుడ్లు పొదిగేటప్పుడు నా ఈకలన్నీ రాలిపోయాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేను. మీరు తేకపోతే మేం చస్తాం."

సాయం చెయ్యమని పంచాయితీని అడిగాడు. "ఒకరి సంసారంలో తలదూర్చకూడదని తీర్పు చెప్పింది తమరే కదండీ!" అంది గోరింక. "అది సరేగానీ, రేపు తమకు సన్మానం. ఇల్లాలిని అదుపులో పెట్టినందుకు!"

సన్మానం అనగానే పెద్దిరాజు అన్నీ మరిచిపోయాడు. మర్నాడు దండ వేశారు, పొగిడారు, మళ్లీ పొగిడారు. పొద్దు వాలింది.

ఇంటికొస్తే సందులోంచి ముక్కు బయటికి రాలేదు. పిల్లల అరుపూ లేదు.

"సూరమ్మా!"

పెద్దిరాజు దండ తెంపి పారేసి ఎగిరాడు. గొంతు నిండా జువ్విపండ్లు తెచ్చి, ఒక్కొక్కటే సందులో పెట్టాడు. చాలాసేపటికి లోపల్నుంచి ఓ చిన్న ముక్కు పండు లాక్కుంది. పెద్దిరాజు భోరున ఏడ్చాడు.

"ఇంట్లో కూర్చుంటే పనేముంటుందండీ?" అంది సూరమ్మ నీరసంగా.

అప్పటినుంచే గుడ్లు పెట్టే కాలం వస్తే ఆడ కొమ్ముపిట్ట తొర్రలో దూరి గోడ కట్టేసుకుంటుంది. మగపిట్ట కొలిమితిత్తిలా రెక్కలు బుసకొడుతుంటే పొద్దస్తమానం పండ్లు మోస్తుంది. ముక్కు మీద తలపాగా అలాగే ఉంది. పంచాయితీకి వెళ్లే తీరికే లేదు.