ఎంగిలి కొండ

ఆ రాజుగారికి కాఫీ అంటే ప్రాణం. రాజుగారికి ప్రాణం కాబట్టి ఊరందరికీ ప్రాణమే. తెల్లారితే ఆ నగరంలో కోడికంటే ముందు కాఫీ వాసన లేచేది.

అందరూ ఇత్తడి గ్లాసుల్లో తాగేవారు. పెదవి తగలనివ్వకుండా, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి ధారగా నోట్లోకి పోసుకునేవారు. పెదవి తగిలితే గ్లాసు ఎంగిలి. ఆ ఊళ్ళో పాముకి భయపడనివాడు కూడా ఎంగిలికి భయపడేవాడు. పొగలు కక్కే కాఫీని అలా ఎత్తి పోసుకోవడం తేలికైన విద్య కాదు. పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడి చేత ముందు కాఫీ తాగించి చూసి, చొక్కా మీద చుక్క పడకపోతేనే పిల్లని చూపించేవారు.

ఒకరోజు నిండు కొలువులో రాజుగారికి పొలమారింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. పట్టు కండువా తడిసింది. మహారాణి గబగబా వచ్చి నెత్తి మీద తట్టింది. సేనాధిపతి కత్తి దూశాడు. పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా! మహారాజుని వేళ కాని వేళ తలుచుకునే పొగరు పక్కదేశపు రాజుకి తప్ప ఎవరికుంటుంది? సాయంత్రానికల్లా ఏనుగులు సిద్ధమైపోయాయి. ఆ యుద్ధం జరగలేదంటే ఆస్థాన పండితుడి చలవే.

"ప్రభూ, ఇకమీదట పెదవి ఆనించి తాగండి. పొలమారదు" అన్నాడు పండితుడు.

"ఆనిస్తే గ్లాసు ఎంగిలవుతుంది కదయ్యా!"

"అవుతుంది. పారేద్దాం."

"కడిగితే పోదూ?"

"మురికి పోతుంది ప్రభూ. ఎంగిలి పోదు."

పూటకో ఇత్తడి గ్లాసు పారేయడం రాజుగారికైనా కష్టమే. అందుకని కాగితం కప్పులు చేయించారు. పేరుకే కాగితం. కాఫీకి నాని చిరిగిపోకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉండేది. ఒక కప్పు, ఒక పెదవి, ఒక్కసారి. తాగెయ్యగానే కప్పు కోటగోడ అవతల పడాలి. ఒకరి ఎంగిలి కప్పు మరొకరి ఒంటికి తగిలితే ఆ మనిషీ ఎంగిలే, ఆ మనిషీ గోడ అవతలికే. చట్టం అంత సులువుగా ఉండేసరికి పిల్లలకి కూడా ఒక్కరోజులో నోటికొచ్చింది.

కప్పులు విసిరించే పనికి ఒక మంత్రి కావలసి వచ్చాడు. ఈ కథ ఆ మంత్రిది.

ఆయన చదువుకున్నవాడేమీ కాదు. చిన్నతనంలో రాయి విసిరితే చిటారు కొమ్మన ఉన్న మామిడికాయ తొడిమ తెగి కింద పడేది. ఆ సంగతి ఎవరో రాజుగారి చెవిన వేశారు. అంతే, విసురుల మంత్రి అయిపోయాడు. పట్టకారుతో కప్పు పట్టుకోవడం, వడిసెలలో పెట్టడం, గిర్రున తిప్పి గోడ దాటించడం, ఇదంతా ఆయన కనిపెట్టిన పద్ధతే. గాలి ఎప్పుడూ పడమటినుంచి వీచేది కనుక ఎక్కువగా తూర్పు గోడ మీదుగా విసిరించేవాడు. గాలికి ఎదురు విసిరేవాడు మూర్ఖుడు అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఆ మాట విని శిష్యులు తలలూపేవారు.

ఎంతమంది తాగినా, ఎన్నిసార్లు తాగినా, ఊరు మాత్రం అద్దంలా ఉండేది. గోడ అవతల ఏమవుతోందో ఎవరికీ పట్టలేదు. అవతల అనేది ఒక చోటని అసలు ఎవరికీ తోచలేదు.

ఒక పొద్దున రాజుగారు మేడ మీద కాఫీ తాగుతూ తూర్పు వైపు చూశారు. గోడ మీదినుంచి తెల్లగా ఏదో తొంగి చూస్తోంది.

"ఏమిటది?"

"కప్పులు, మహారాజా. కొండగా పెరిగాయి" అన్నాడు మంత్రి కొంచెం గర్వంగానే.

"కుళ్ళిపోవూ?"

"కుళ్ళటం లేదు మహారాజా. మన ఊరి సరుకు కదా, గట్టిది."

"ఎదురుగా ఎంగిలి కనిపిస్తుంటే కాఫీ దిగుతుందా మనిషికి? గోడ లేపించు."

గోడ లేపారు. కొండ గోడ మీదికి వాలి లోపలికి జారకుండా, మేస్త్రీలు ప్రతి వరసనీ కాస్త బయటికి వాల్చి కట్టారు. పైన తెల్లగా సున్నం కొట్టారు. గోడ లేచిన శుభసందర్భంలో ఊరందరికీ రాజుగారి తరఫున రెండేసి కాఫీలు. ఆ కప్పులన్నీ మళ్ళీ అవతలికే. కొన్నాళ్ళకి కొండ మళ్ళీ తొంగి చూసింది. మళ్ళీ గోడ, మళ్ళీ సున్నం, మళ్ళీ కాఫీలు. కోట తలుపు బయటికి తెరుచుకునే రకం కాబట్టి ఒకనాడు ఎంత తోసినా తెరుచుకోలేదు. ఎవరూ కంగారు పడలేదు. ఆవులు లోపలే ఉన్నాయి, బావులు లోపలే ఉన్నాయి, గిడ్డంగి నిండా కాఫీ గింజలూ కప్పుల దొంతరలూ ఉన్నాయి. ఇంక బయట పనేముంది?

అలా గోడ పెరిగి పెరిగి, ఊళ్ళో ఎండ తగ్గిపోయింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఒక్కసారి మండిపోయి వెళ్ళిపోయేవాడు. మిగతా రోజంతా నీడే. ఆడవాళ్ళ ఒడియాలు ఎండక బూజు పట్టాయి. "చల్లగా ఉంది, ఇంకో కాఫీ పడుతుంది" అనుకున్నారు మగవాళ్ళు.

అప్పుడు మంత్రిగారి కూతురు ప్రసవించింది. ఆడపిల్ల. పిల్ల ముద్దుగానే ఉంది గానీ మూడోనాటికి ఒళ్ళంతా పసుపు రాసినట్టు పచ్చబడింది. కళ్ళలో తెల్లగుడ్డు కూడా పచ్చబడింది. పాలు తాగడం మానేసి మూలుగుతూ పడుకుంది. మంత్రసాని వచ్చి చూసి పెదవి విరిచింది.

"పసిరికలు బాబూ. మందేమీ అక్కర్లేదు. పొద్దున్నే లేత ఎండలో కాసేపు పట్టండి, అదే పోతుంది."

"మధ్యాహ్నం ఎండ పనికి రాదా?" అన్నాడు మంత్రి.

"పసిగుడ్డుని మధ్యాహ్నం ఎండలో పెడతారా ఎవరైనా? లేత ఎండే కావాలి. ఆలస్యం చెయ్యకండి. రేపో ఎల్లుండో అంటే నేను మాటివ్వలేను."

మంత్రి పరుగున వెళ్ళి రాజుగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. తూర్పు గోడ కాస్త దించమన్నాడు. ఆ మాట తన నోటినుంచే వస్తున్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"గోడ దించితే కొండ కనబడదూ?" అన్నారు రాజుగారు.

"కనబడుతుంది మహారాజా."

"మరి కాఫీ ఎలా తాగను?"

రాజుగారు నిజానికి జాలిగుండె మనిషి. ఆలోచించి, ఆస్థాన చిత్రకారుణ్ణి పిలిపించి, తూర్పు గోడ మీద ఇంత పెద్ద సూర్యుణ్ణి గీయమన్నారు. లేత సూర్యుడే గీయాలని మరీ మరీ చెప్పారు. సాయంత్రానికి సూర్యుడు సిద్ధం. ఎర్రగా, గుండ్రంగా, చుట్టూ కిరణాలతో, మధ్యలో మీసాలతో ఉన్నాడు. మీసాలు రాజుగారివే. మర్నాడు మంత్రి పిల్లని ఆ బొమ్మకి ఎదురుగా పట్టుకుని కూర్చున్నాడు. జనం చుట్టూ చేరి, "ఎంత వెచ్చగా ఉందో!" అని చేతులు చాచి కాచుకున్నారు. ఒకావిడైతే ఒడియాలు కూడా తెచ్చి పరిచింది.

పిల్ల ఇంకా పచ్చబడింది. ఏడుపు కూడా మానేసింది. ఏడిస్తేనే బాగుండును అనిపించింది ఆయనకి. ఆ మెత్తటి చల్లటి అరికాలు తన అరచేతిలో పెట్టుకుని, ఈ చేత్తోనే కదా విసిరాను అనుకున్నాడు. గాలివాటు చూసి, గర్వంగా, మీసం దువ్వి మరీ, తూర్పు వైపుకే విసిరాడు.

మర్నాడు తెల్లవారకముందే భార్య పాత నూలుచీర తీసి పిల్లని గుండెకి కట్టుకున్నాడు. భార్య గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఎక్కడికండీ?"

"పైకి."

"గోడ దాటితే ఆ కప్పుల మీద కాలు పెట్టాలి. అందరి ఎంగిలీ అంటుకుంటుంది. మళ్ళీ రానివ్వరండీ మిమ్మల్ని!"

కూతురు పక్క మీదినుంచే చెయ్యి చాచింది. "నాన్నా, వద్దు నాన్నా. దాన్ని కూడా రానివ్వరు."

"నువ్వు పుట్టినప్పుడు నీ చొంగంతా నా భుజం మీదే కారేదమ్మా" అన్నాడాయన. "అది ఎంగిలని ఏనాడైనా తుడుచుకున్నానా? నువ్వు కాస్త కోలుకో. కోలుకుని నువ్వూ వద్దువుగాని."

కూతురు చెయ్యి దించేసింది. భార్య కళ్ళు తుడుచుకుని, అడ్డం తొలగి, చీర ముడి మరోసారి గట్టిగా బిగించింది.

సున్నం కొట్టేవాళ్ళ పరంజా గోడకి ఆనించే ఉంది. దాని మీద మెట్టు మెట్టుగా ఎక్కాడు. గోడ బయటికి వాలి ఉండటంతో ఒళ్ళంతా ముందుకి వంచి ఎక్కాల్సి వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పిల్ల. కింద ఒకరిద్దరు చూసి కేకలు వేశారు. ఆయన వినిపించుకోలేదు. గోడ అంచు చేరి చూస్తే, తూర్పున కొండ ఇంకా పైకి ఉంది. వెలుగు దాని వెనకాలే ఆగిపోయింది.

కాలు తీసి కప్పుల్లో పెట్టాడు. కరకరమంటూ మోకాలిదాకా దిగిపోయింది. ఎన్నాళ్ళుగానో పాచిపోయిన కాఫీ వాసన. తమలపాకు నమిలిన నోళ్ళ ఎర్రటి మరకలున్నాయి. తెల్లటి మీగడ మరకలున్నాయి. రాజుగారి బంగారు అంచు కప్పులూ ఉన్నాయి, పాకీవాడి కప్పుల్లో దూరిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా. ఒక్కటి కుళ్ళలేదు. ఆయన మొట్టమొదట విసిరినవి కూడా ఎక్కడో అడుగున ఇలాగే కొత్తగా ఉండుంటాయి. చేతులూ మోకాళ్ళూ ఆనించి, పసిపిల్లాడిలా పాకుతూ ఎక్కాడు. ఎంగిలవడం ఎంతసేపు, రెండడుగుల్లో అయిపోయింది. అంతకంటే ఏమీ జరగలేదు.

కొండ కొసన కూర్చున్నాడు. సూర్యుడు అప్పుడే లేచాడు. మీసాలు లేవు. ఎంత చిన్నగా, ఎంత మెత్తగా ఉన్నాడు!

పిల్లని చీరలోంచి తీసి ఒళ్ళో పడుకోబెట్టాడు. ఎండ నుదుటి మీద పడింది, బుగ్గల మీదికి జారింది, పొట్ట మీదికి వచ్చింది. పిల్ల మొహం చిట్లించింది. తుమ్మింది. తర్వాత తాతగారి పట్టుపంచె మీద వెచ్చగా ఒంటికి పోసింది. ఆయనకి ఏడుపొచ్చింది. ఎవరూ చూడట్లేదు కదా అని కాసేపు గట్టిగానే ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని చుట్టూ చూశాడు. కొండ తూర్పునే ఆగలేదు. దొర్లుకుంటూ దొర్లుకుంటూ ఊరి చుట్టూ నాలుగు వైపులా పరుచుకుంది. ఒకప్పుడు జొన్నచేలు ఉన్న చోట కప్పులే. వాగు పారిన చోట కప్పులే. చూపు ఆనినంత మేరా తెలుపే.

ఈలోగా ఊరంతా మేలుకుంది. రాజుగారు స్వయంగా కోటగోడ కిందికి వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచారు.

"మంత్రీ! నువ్వు ఎంగిలైపోయావు! ఇంక దిగకు!"

"దిగను మహారాజా!"

"సరే గానీ, అక్కడినుంచి ఏం కనబడుతోంది?"

మంత్రి ఊరి వైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళూ అందులోనే ఉండి ఎప్పుడూ చూడని ఊరు. గుండ్రంగా ఉంది. తెల్లగా ఉంది. అడుగున ఇరుకు, పైకి వచ్చేకొద్దీ వెడల్పు. లోపల లోతులో, చీకట్లో, గోధుమరంగు నేల మీద మనుషులు నలకల్లా కదులుతున్నారు. పదవి ఎలాగూ పోయింది కనుక ఉన్నమాట చెప్పేశాడు.

"కప్పు మహారాజా!"

"ఎలాంటి కప్పు?"

"తాగేసిన కప్పే. అడుగున మడ్డి మిగిలింది."

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "తాగేసిన కప్పు ఇంకా అలాగే ఉంచారా? ఏం చేస్తున్నారు మీరంతా? విసిరేయండి! ఈ క్షణమే విసిరేయండి!"

రాజాజ్ఞ. జనం ఊరంతా వెతికారు. ఎక్కడా ఎంగిలి కప్పు దొరకలేదు. ఇంత శుభ్రమైన ఊళ్ళో ఎలా దొరుకుతుంది? చివరికి పండితుడు గోడని కిందినుంచి పైదాకా చూసి, గుండ్రంగా ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నాడు. రాజుగారి చెవిలో ఏదో చెప్పాడు. రాజుగారు కొంచెంసేపు ఆలోచించారు. ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో లేదు.

పట్టకార్లు వచ్చాయి. వంటింటి పట్టకార్లు, కమ్మరి పట్టకార్లు, ఊళ్ళో ఉన్నవన్నీ వచ్చాయి. జనమంతా గోడ మొదట్లో వరసగా నిలబడి, ఒంగి, పునాది అంచు దొరకబుచ్చుకుని ఒక్కసారి "హైలెస్సా" అన్నారు. రాజుగారు కూడా కండువా నడుముకి బిగించి ఒక పట్టకారు అందుకున్నారు. అప్పుడు అనుమానం వచ్చి తలెత్తారు.

"మంత్రీ! విసరడంలో నిన్ను మించినవాడు లేడు. నువ్వే చెప్పు. ఎటు విసరమంటావు?"

ఇన్నేళ్ళ కొలువులో ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. మంత్రి తూర్పు చూశాడు. పడమర చూశాడు. ఉత్తరం చూశాడు, దక్షిణం చూశాడు. పిల్లని మెల్లగా బోర్లా తిప్పి, వీపుకి ఎండ తగిలేలా పడుకోబెట్టాడు.