నూకాలు చేతిలో కొత్త గ్రంథం

రాజులు పల్లకీల్లో తిరిగే కాలంలో, ఒక చిన్న రాజ్యంలో త్ర్యంబకయ్య అనే ఆస్థాన వైద్యుడు ఉండేవాడు. ఒకనాడు ఆయన కాన్పుల మీద మూడొందల తాటాకుల గ్రంథం తెచ్చి సభలో పెట్టాడు. మంత్రసానులంతా తమ దగ్గరున్న పాత తాటాకు రాతలు పారేసి, ఇకపై దీన్ని చూసే పురుళ్ళు పోయాలన్నాడు.

"ఇరవై ఏళ్ళుగా రోజూ దీన్నే తిరగేస్తున్నాను ప్రభూ!" అన్నాడు.

ఆ సభలో మంత్రసాని నూకాలు కూడా ఉంది. వాళ్ళ అవ్వ రాయించిన పన్నెండు ఆకుల చలవతోనే ఊళ్ళో తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నారు. ఆమె అమ్మవారికి మనసులోనే దండం పెట్టుకుని, ఆ గ్రంథాన్ని చేతిలోకి తీసుకుంది. అవ్వ ఆకులను గుచ్చిన తాడు ఒరుసుకుని ఒరుసుకుని వాటి కన్నాలు వెడల్పయ్యాయి. వీటికేమో నిన్ననే పొడిచినట్టున్నాయి. ఒక్క ఆకు మీదా పురుడు పోసేటప్పుడు అంటే ఆముదం చేతి మరకైనా లేదు. ఇరవై ఏళ్ళుగా దీన్ని ఎవరూ తిరగేయలేదని ఆమెకు అర్థమైంది.

కానీ ఆస్థాన వైద్యుడు అబద్ధమాడుతున్నాడని మంత్రసాని చెబితే వినేదెవరు?

"గొప్ప గ్రంథమే బాబయ్యా," అంది నూకాలు మెల్లగా. "మీ కోడలమ్మకి నెలలు నిండాయి కదా! అందరికంటే ముందు ఆవిడ పురుడే దీన్ని చూసి పోస్తాను. ఇందులో లేనిది ఒక్కటీ చెయ్యను, ఉన్నది ఒక్కటీ మానను."

త్ర్యంబకయ్య ముఖం పాలిపోయింది. "మా ఇంటి వరకూ... నీ పాత ఆకులే చూడవే, నూకాలూ!"

రాజుగారు గ్రంథాన్ని పక్కకు జరిపారు.

"ఆ పన్నెండు ఆకులూ భద్రంగా దాచుకో నూకాలూ. వైద్యులవారి కోడలికి పనికొచ్చేవి మా ప్రజలకూ పనికొస్తాయి."