పదకొండో పొయ్యి

చెన్నకేశవయ్యగారిని ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అహంకారమంటే ఏమిటో తెలుసుకుందామని వచ్చిన కాలేజీ లెక్చరరు ఒకాయన, గొడ్లపాక వెనకవైపు ఏ మనిషీ తొంగిచూడని గోడకు మూడు రోజులు సున్నం కొట్టి వెళ్ళిపోయాడు. ఆయనకు జవాబు దొరికిందో లేదో తెలియదు గాని, గోడ మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది. బడిలో చదువు చెప్పడం చాలించి గుట్ట కింద సత్రం నడపడం మొదలుపెట్టి ముప్పైయేళ్ళు దాటినా, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు ఆయన ఇంకా అయ్యవారే.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ అయ్యవారి దగ్గరికి ఓబులపతి వచ్చాడు. చిన్నప్పుడు ఆయన ముందు కూర్చుని ఎక్కాలు అప్పజెప్పినవాడే. ఇప్పుడు వ్యవసాయ యంత్రాల శాఖలో పెద్ద అధికారి. చంకలో ఫైలు ఉంది, ముఖంలో నిద్ర లేదు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి తన చిక్కు బయటపెట్టాడు.

విషయం ఇది. ఇంతవరకు ఎవరూ చేయని యంత్రాన్ని చేసి చూడమని ప్రభుత్వం ఏటా కొందరికి పని అప్పగిస్తుంది. కొర్రలు నూక కాకుండా పొట్టు తీసే యంత్రం, కంపచెట్లను వేళ్ళతో సహా పెరికే యంత్రం, ఇట్లాంటివి. ఆ పరిశోధన పనుల్లో నాలుగో వంతు చిన్న కార్ఖానాలకే ఇవ్వాలని, పెద్ద కంపెనీలు వాటికి పోటీకి రాకూడదని ఆరేళ్ళ కిందట ఒక నియమం పెట్టారు. ఇప్పుడు దాన్ని ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఓబులపతి సోమవారం పొద్దున రాసి పంపే కాగితాన్ని బట్టి తేలుతుంది.

“నాకేమీ పాలుపోవడం లేదు అయ్యవారూ,” అన్నాడు ఓబులపతి. “తెలియనిదాన్ని కనిపెట్టే పని. అది అందరికన్నా సత్తా ఉన్నవాడికి ఇవ్వాలా, చిన్నవాడు గదా అని చిన్నవాడికి ఇవ్వాలా? ఎత్తేద్దామంటే రేకుల షెడ్డులో నలుగురిని పెట్టుకొని పొద్దస్తమానం తంటాలు పడే మనుషులు కళ్ళ ముందు మెదులుతారు. ఉంచుదామంటే ఇప్పటికి పద్నాలుగు మందికి ఇచ్చాం, ఒరిగిందేమీ లేదు.”

“ఏం చేసి తెచ్చినారు వాళ్ళు?”

“మంచి యంత్రాలే తెచ్చారు. ఒక్కటీ మొరాయించలేదు. కానీ ఒక్కటీ కొత్తది కాదు. పాతవాటికే రంగు మార్చి, పళ్ళచక్రం మార్చి తెచ్చారు. ప్రజల సొమ్ము గదా అని షరతులన్నీ నేనే కూర్చుని రాశాను. అలాంటి యంత్రం మూడేళ్ళుగా చేస్తున్నట్టు రుజువు చూపించాలి. చేసి తెచ్చింది పనిచేయకపోతే ఆ మనిషిని మళ్ళీ మా గడప తొక్కనివ్వం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొత్తది పుట్టలేదంటే, చిన్నవాళ్ళ వల్ల కాదనే గదా అనుకోవాలి?”

అయ్యవారు విసనకర్ర పక్కన పెట్టారు.

“రేపు ఆరాధన గదప్పా. తెల్లారే సరికి వచ్చేయి. పదకొండో పొయ్యి నువ్వు చూసుకో. సాయంత్రం మాట్లాడుకుందాం.”

సత్రం కట్టించిన మహానుభావుడి పేరున ఏటా జరిగే భోజనాలే ఆరాధన. పది పల్లెల జనం వస్తారు. వంటసాల వెనక వరసగా పదకొండు రాతి పొయ్యిలు ఉంటాయి. వాటిలో పది పొయ్యిలకు వంటమేస్త్రీ ఎర్రిస్వామి పెద్ద. ముప్పైయేళ్ళ చేయి అది, ఉప్పు చూడకుండా వేసినా కుదురుతుంది. చివరి పొయ్యి మాత్రం ఎర్రిస్వామిది కాదు. పెద్ద వంటలు చేసే అవకాశం ఎన్నడూ రాని మనిషికి, ఆ సత్రంలో ఎన్నడూ వండనిదో, వండినా కుదరనిదో వండమని, ఏటా ఒకరికి ఇస్తారు. ఒకసారి తీసుకున్నవాళ్ళకు మళ్ళీ ఇవ్వరు. అది అయ్యవారు పెట్టిన పద్ధతి. ఎందుకు పెట్టారని ఓబులపతి చిన్నప్పుడు అడగలేదు. అడిగితే ఏదో ఒక పని చెబుతారని భయం.

మర్నాడు తెల్లవారే సరికి పదకొండో పొయ్యి దగ్గర సుంకమ్మ కూర్చుని ఉంది. బస్టాండు పక్కన పొద్దుటి పూట చిత్రాన్నం అమ్ముకునే మనిషి, యాభై దాటిన వయసు. ఆమె ముందు తడిగుడ్డ మూటలు రెండు డజన్ల దాకా ఉన్నాయి.

“ఏం సుంకమ్మా,” అన్నాడు ఎర్రిస్వామి గరిటె భుజాన వేసుకొని వచ్చి. “మూటలు కట్టుకొని దిగబడినావు. సంతకు పోతాండావా ఏమి?”

“సంతకైతే నిన్ను పట్టుకుపోయి అమ్ముదును గదన్నా. ఎవరూ కొనరని మానుకుంటి.”

ఎర్రిస్వామి నవ్వుకుంటూ తన పప్పు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఓబులపతికి నవ్వు రాలేదు. మూటల్లో ఏముందని అడిగాడు.

రాత్రంతా నానబెట్టిన కొర్రబియ్యం. ఆ నేలలో పండేవే కొర్రలు. అయినా ఆరాధన నాడు వండేది మాత్రం వరి అన్నమే. ఎందుకంటే ముగ్గురికో నలుగురికో వండితే పువ్వులా విడివిడిగా వచ్చే కొర్రన్నం, మూడు వందల మందికి గుండిగలో వండితే అడుగున జావైపోతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ఎర్రిస్వామి చేయి కూడా దానికి లొంగింది. సుంకమ్మ ఆలోచన వేరు. అడుగున నీళ్ళు పోసి, పైన వెదురు తడికె పరిచి, దాని మీద మూటలు పేర్చి ఆవిరికి ఉడికించాలి. ఇంట్లో చిన్న కుండలో చేసి చూసింది. ఆరు మూటల్లో నాలుగు కుదిరాయి, రెండు ఒకవైపు ముద్దయ్యాయి. ఎందుకయ్యాయో తెలియలేదు.

“ఇంత పెద్ద గుండిగలో ఎప్పుడైనా చేశావా అమ్మా?”

“లేదు సారూ.”

“పోనీ, ఎవరైనా చేస్తుంటే చూశావా?”

“చేసేవాళ్ళుంటే వాళ్ళనే పిలుస్తారు గదా సారూ. నన్నేంటికి పిలుస్తారు?”

“నీళ్ళు ఎన్ని పడతాయి? ఎంతసేపు పడుతుంది?”

“పెట్టి చూస్తే తెలుస్తాది.”

“చెడిపోతే?”

“చెడిపోతాది,” అంది సుంకమ్మ, వాన వస్తే తడుస్తాం అన్నంత మామూలుగా. “పక్కన పది పొయ్యిలు మండుతాండాయి. ఎవరి ఆకూ ఖాళీగా ఉండదులే సారూ.”

ఓబులపతి మూటలు లెక్కపెట్టాడు. అయ్యవారు తనను నమ్మి అప్పగించిన పొయ్యి ఇది. మూడు వందల మందికి సరిపడే గింజలు. ఈమె చూడబోతే ఇన్ని నీళ్ళని చెప్పలేదు, ఇంతసేపని చెప్పలేదు, కుదురుతుందని కూడా చెప్పడం లేదు. అయ్యవారి వైపు చూశాడు. ఆయన పందిట్లో కూర్చుని విస్తరాకులు కుడుతున్నారు, తల ఎత్తలేదు.

“నువ్వు బాగా చేసేది ఏమిటమ్మా?” అని అడిగాడు చివరికి.

“చిత్రాన్నం. ఇరవై ఏండ్లుగా చేస్తాండా.”

“అదే చేసేయి.”

“కొత్తది చేయమన్నారు సారూ అయ్యవారు.”

“ఈ పొయ్యి మీద నువ్వు చిత్రాన్నం ఎప్పుడైనా చేశావా? లేదు గదా. అయితే అదీ కొత్తదే. అయ్యవారితో నేను చెప్పుకుంటాను, నీ మీదికేమీ రానివ్వను.”

సుంకమ్మ కాసేపు మూటల వైపు చూసింది. అధికారితో వాదించే అలవాటు ఆమెకు లేదు. ఒక్కొక్క మూటే విప్పి, నానిన కొర్రలను చాప మీద ఎండకు పరిచింది. పిచ్చుకలు దిగాయి. వాటిని తోలలేదు.

చిత్రాన్నం అద్భుతంగా వచ్చింది. నిమ్మకాయ పులుపూ, వేయించిన వేరుశనగపప్పూ, పచ్చిమిరపకాయ ఘాటూ ఎక్కడా వంక పెట్టడానికి లేదు. గుండిగ అడుగు కనబడేదాకా జనం మారు అడిగి వేయించుకున్నారు. ఓబులపతి కూడా ఆకు ముందు కూర్చుని తృప్తిగా తిన్నాడు. సత్రంలో ఏటా పెట్టే వేరుశనగపాల పాయసం రెండుసార్లు పోయించుకున్నాడు. తన పొయ్యి గట్టెక్కింది. ఆ సంతోషం చెబుదామని సుంకమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె బూడిదతో గుండిగ తోముతోంది.

“అందరూ బాగుందన్నారమ్మా.”

“బాగుంటాది సారూ. రోజూ చేసేదే గదా.”

“మరి అలా ఉన్నావేం? నా మీద కోపమా?”

“కోపమేంటికి సారూ,” అంది చేయి ఆపకుండా. “మూటలు పెట్టుంటే, అడుగువి మెత్తబడతాయో, పైవి పచ్చిగా ఉంటాయో ఈపాటికి తెలిసిపోయేది. అంతే. ఇంక నాకు ఈ పొయ్యి రాదు గదా.”

పక్కనే చేతులు కడుక్కుంటున్న ఎర్రిస్వామి కలగజేసుకున్నాడు. “నేనూ చూద్దామనుకుంటి సారూ. ఆ మూటల కోసమే పొద్దుటి నుంచి ఇటు ఒక కన్నేసి ఉంటి.”

“నువ్వా? వెక్కిరించావు గదయ్యా.”

“వెక్కిరింపు వేరు. నా పది పొయ్యిల మీద ఇట్లాంటి పని పెట్టుకోలేను నేను. ఒక్క గుండిగ చెడితే, వెయ్యి నోళ్ళు నా పేరే ఎత్తుతాయి. ఆ చివరి పొయ్యి ఒక్కటేనయ్యా, చెడినా ఎవరూ ఏమీ అనంది.”

ఇదేమిటో ఓబులపతికి అంతుబట్టలేదు. వంట కుదిరింది, జనం మెచ్చారు, ఒక్క మెతుకు వృథా కాలేదు. అయినా వండిన మనిషికి సంతోషం లేదు, ఎగతాళి చేసినవాడికీ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో, అసలు జరిగిందో లేదో తెలియక, పొద్దు వాలే వేళకు అయ్యవారి ముందు చేరాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

అయ్యవారు గూట్లోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి అతని చేతికిచ్చారు. “పదకొండో పొయ్యి పుస్తకం ఇది. ఈ ఏటిది రాయి. ఎవరు, ఏం వండినారు, ఏమైంది. అంతే రాస్తాం.”

ఎలా రాయాలో చూద్దామని ఓబులపతి వెనక పేజీలు తిప్పాడు. జొన్న ఓళిగలు, విరిగి ముక్కలైనాయి, కారణం తెలియలేదు. కాశిరెడ్డి, వేరుశనగపాల పాయసం, బెల్లం వేడి మీద వేసినాడు, పాలు విరిగినాయి. మరుసటి ఏడు లక్ష్మమ్మ, అదే పాయసం, బెల్లం చల్లారినాక వేసింది, విరగలేదు గాని అడుగంటింది. ఆ మరుసటి ఏడు మౌలాలి, అదే పాయసం, కుదిరింది.

ఓబులపతి ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ పాయసం సత్రం కట్టిననాటి నుంచీ ఉందనే అతను అనుకుంటున్నాడు. మధ్యాహ్నం రెండుసార్లు పోయించుకున్నది అదే.

కొత్త పేజీ తీసి రాశాడు. ‘సుంకమ్మ. చిత్రాన్నం. చాలా బాగా కుదిరింది.’

అయ్యవారు కళ్ళజోడు సవరించుకొని చదివారు. కలం తీసుకొని ఆ వాక్యం మీద నిదానంగా ఒక గీత గీశారు.

“ఈ ఏడు ఆ పొయ్యి వెలగలేదు గదప్పా.”

“వెలిగింది అయ్యవారూ. నేను దగ్గరే ఉన్నాను.”

“నువ్వు దగ్గరే ఉన్నావు, నిజమే,” అన్నారు అయ్యవారు. “వెలగని పొయ్యిని ఆమె వంతు కింద రాయలేం. వచ్చే ఏడు వచ్చి మూటలు పెట్టుకోమని, పోయేటప్పుడు నువ్వే చెప్పిపో.”

ఓబులపతి తల ఊపాడు. ఒక బరువు దిగినట్టుంది గాని, తను మోసుకొచ్చిన బరువు అలాగే ఉంది. ఫైలు విప్పాడు. చిన్న కార్ఖానాలకు తను రాసిన షరతుల కాగితం పైనే ఉంది. ‘మూడేళ్ళుగా చేస్తున్నట్టు రుజువు’ అన్నచోట అతని చూపు నిలిచిపోయింది. దాని కింద గడప తొక్కనివ్వని షరతు. రెండూ తన దస్తూరీయే. అవి పొద్దున పొయ్యి దగ్గర తన నోటి నుంచి వచ్చిన మాటల్లాగే కనబడ్డాయి. అలా ఎందుకు కనబడుతున్నాయో పూర్తిగా తేలకముందే అలవాటు కొద్దీ నోరు మెదిపాడు.

“మరి నా సంగతి అయ్యవారూ? సోమవారం ఏమని రాయను? చిన్నవాళ్ళకు ఇచ్చినదాన్ని ఉంచమనా, తీసేయమనా?”

అయ్యవారు పుస్తకాన్ని గూట్లో పెట్టి వెనక్కి తిరిగారు.

“ఇచ్చింది ఏదప్పా,” అన్నారు, “తీసేయడానికి?”