గుర్రం చెవులు వెనక్కి ఎందుకు అతుక్కుంటాయి

ఒకప్పుడు గుర్రం చెవులు కదిలేవి కావు. రెండూ కొమ్ముల్లా ముందుకే నిలబడి ఉండేవి. ఎదుట నిలబడి చెప్పిన మాటే దానికి వినిపించేది. వీపు మీద కూర్చున్నవాడు గొంతు చించుకున్నా ఆ అరుపు గాలికే పోయేది.

ఆ రోజుల్లో గోదారి ఒడ్డున పోలయ్య అని ఒక బండివాడు ఉండేవాడు. ఎద్దుల్ని తోలడంలో అతనికి అతనే సాటి. అతను గుర్రం ఎక్కే తీరు తలుచుకుంటే మాత్రం నాకే ఒళ్ళు మండుతుంది. ఎద్దుని తోలినట్టే గుర్రాన్నీ తోలేవాడు. దభీమని వీపు మీద కూలబడేవాడు. చెయ్యి వెనక్కి పెట్టి తోక మెలిపెట్టేవాడు. మడమలతో డొక్కలో పొడిచి పొమ్మనేవాడు, అప్పుడే కళ్ళెం గుంజి ఆగమనేవాడు. ఆ గుర్రం ఏ మాట వినాలో మీరే చెప్పండి.

ఒక వానాకాలం గోదారికి కోపం వచ్చింది. ఎందుకొచ్చిందని దాన్ని అడిగే ధైర్యం ఎవరికుంది? ఎర్రగా పొంగి, "ఇవాళ లంక నాది. చెట్టూ నాదే, గట్టూ నాదే" అని అరుస్తూ వచ్చింది.

ఏటి నడుమ ఉన్న ఆ లంకలో పోలయ్య కూతురు సాయమ్మ మేకలు కాస్తోంది. పడవలన్నీ కొట్టుకుపోయాయి. బండి చక్రాలు ఒడ్డు బురదలోనే దిగబడ్డాయి. ఇక మిగిలింది జవ్వాది అనే వాళ్ళ ఆడగుర్రం ఒక్కటే.

పోలయ్య దాని మీదికెక్కి తోక మెలిపెట్టాడు, డొక్కలో పొడిచాడు, కళ్ళెం గుంజాడు. "లంకకి పదవే, బిడ్డ ఉందే అక్కడ" అని అరిచాడు. జవ్వాదికి నొప్పి తెలిసింది గానీ మాట వినిపించలేదు. అది వెనక కాళ్ళెత్తి ఒక్క కుదుపు కుదిపింది. పోలయ్య బురదలో వెల్లకిలా పడ్డాడు.

లేచి మళ్ళీ ఎక్కాడు. అది మళ్ళీ పడేసింది. ఈసారి సరిగ్గా దాని ముక్కు ముందు పడ్డాడు.

"మొండి ఘటమా, నీకంటే ఎద్దులే నయం" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"అయితే ఎద్దునే ఎక్కు" అంది జవ్వాది. "నాకేమైనా ముకుతాడు వేశావా? ఆ కళ్ళెం నా నోట్లో ఉంది. నువ్వు గుంజితే నోరు కోసుకుపోతోంది. ఎక్కడికో చెప్పవు, ఎందుకో చెప్పవు. పొడవడమొక్కటే వచ్చు నీకు."

"చెప్తానే ఉన్నాను గదే. సాయమ్మ లంకలో ఉందని ఇందాకట్నించీ అరుస్తున్నాను."

జవ్వాది చటుక్కున లంకకేసి చూసింది. రోజూ తనకి పచ్చగడ్డి తెచ్చి పెట్టే పిల్ల సాయమ్మ. జవ్వాది కోపం రెండింతలయింది.

"ఆ మాట నా వెనకనుంచి చెప్తావా, బుద్ధిలేనోడా? ఎక్కు. మెల్లగా ఎక్కు, నేను మంచాన్ని కాదు. నడుం నిటారుగా పెట్టు, కాళ్ళు బిగించకు. కళ్ళెం వదులుగా పట్టుకో. నీళ్ళకేసి చూడకు, లంకకేసి చూడు. నువ్వెటు చూస్తే నీ ఒళ్ళు అటే వాలుతుంది, నేనూ అటే పోతాను."

పోలయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. గుర్రం తనకి నేర్పడమా? కానీ కూతురు కళ్ళలో మెదిలింది. నోరు మూసుకుని, చెప్పినట్టే ఎక్కాడు.

ఏటి నడుమ గోదారి అడ్డం తిరిగింది. "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అని గుర్రం మెడదాకా లేచింది. పోలయ్య భయపడి కిందికి చూశాడు. చూడగానే ఎద్దుల్ని ఆపినట్టు రెండు చేతులా కళ్ళెం గుంజాడు. పాడు అలవాటు, అంత తొందరగా పోతుందా?

జవ్వాది తల పైకి లేచిపోయింది. కాళ్ళు జారాయి. నోటినిండా నీళ్ళు. "వదులు" అని అరవాలనుకుంది, నోరు పెగల్లేదు. మరి ఆ కోపం ఎటు పోవాలి? మెడలోకి పాకింది, నెత్తికెక్కింది, ఎన్నడూ కదలని చెవుల్ని పట్టుకుని వెనక్కి విరిచేసింది. రెండు చెవులూ పోలయ్య కళ్ళముందే మెడకి అతుక్కుపోయాయి.

పోలయ్య అది చూసి గబుక్కున కళ్ళెం వదులు చేశాడు. "తప్పయిపోయింది తల్లీ" అని గొణిగాడు. వీపు మీది మాట గుర్రానికి వినిపించడం అదే మొదటిసారి. అది ఊపిరి తీసుకుని ఈదింది.

లంకలో సాయమ్మ నడుంలోతు నీళ్ళలో, ఒక మేకపిల్లని గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. తక్కిన మేకల్ని గోదారి తీసుకుపోయింది. "ఇంతసేపా నాన్నా?" అంది, ఏడుపూ కోపమూ కలిపి. పోలయ్య పిల్లని ముందు కూర్చోబెట్టుకున్నాడు.

తిరుగుదారిలో గోదారి ఇంకోసారి ఎగిరిపడింది. జవ్వాది చెవులు మళ్ళీ మెడకి అతుక్కున్నాయి.

"నాన్నా, దానికి నొప్పెడుతోంది. నువ్వేం చేస్తున్నావు?" అంది సాయమ్మ.

పోలయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. కళ్ళెం మీద పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి. సిగ్గుపడి వదిలాడు. ఒక చెవి ఒడ్డుకేసి తిరిగింది, ఒకటి వాళ్ళ మాటలకేసి తిరిగింది. ముగ్గురూ ఒడ్డెక్కారు, మేకపిల్లతో సహా. గోదారి మాత్రం తెల్లార్లూ తిడుతూనే ఉంది.

అప్పటినుంచే గుర్రం చెవులు తిరుగుతున్నాయి. ముందుకి నిలబెడితే దారి చూసుకుంటోందన్నమాట. ఒకటి వెనక్కి తిప్పితే మనం చెప్పేది వింటోంది. రెండూ మెడకి అతుక్కుంటే మాత్రం కర్ర కోసం వెతక్కండి, ముందు మీ చేతులు చూసుకోండి.