మోట ఆగిన అమావాస్య

వాగు ఒడ్డున మనుషులు వదిలేసి పోయిన దొడ్డి ఒకటుంది. గోడలు కూలాయి, తలుపులు చెదలు తిన్నాయి. మిగిలింది ఒక్క దిగుడు బావి. దొడ్డికి ప్రాణం ఆ బావే. బొల్లావు మెట్లు దిగి తాగేది, ముసలి మేక దిగేది, కోళ్లూ దిగేవి. అడుగు మెట్టు మీద గోదురుకప్ప కాపురం. రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ కప్ప కాళ్ల తడి ఆరింది లేదు.

ఆ ఏడు పక్క చెలకలోకి నక్క దిగింది. కొండ మీది ఏనుగులు తమ దారికి గులకరాళ్లు పరవాలనుకున్నాయి. రాళ్లు అందించే గుత్త నక్క పట్టింది. పందికొక్కులను పెట్టి గొయ్యి తవ్వించింది. పైపైన రాళ్లు బాగానే వచ్చాయి. లోతుకు పోయేసరికి నీళ్లూరి, అసలు రాళ్లన్నీ మునిగిపోయాయి.

నక్క తోక ఊపుకుంటూ దొడ్డిలోకొచ్చింది.

"పుల్లన్న బావా! ఏం మెడ, ఏం మూపురం! ఊరికే పడుకుంటే తుప్పు పట్టదూ? నా గొయ్యి దగ్గర మోట తోలి నీళ్లు తోడిపెట్టు. రోజూ మోపెడు పచ్చి చొప్ప నీది."

బొల్లావు మగడు పుల్లన్న ఎద్దు నెమరు ఆపింది. "తోడిన నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"వాగులోకి. వాగు నుంచి దేవుడెరుగు. ఆ ఆరా నీకెందుకు?"

అక్కడ నిలదీసి అడగాల్సింది. అడగలేదు. బొల్లావు ఈని నెల తిరగలేదు. పాలు పడాలంటే పచ్చి మేత కావాలి. ఎద్దు తన దూడ ముఖం చూసింది, మెడ వంచింది.

పొద్దున మొదలు పొద్దుగూకే దాకా మోట కిర్రుమంటూనే ఉంది. తోలు బాన దిగడం, నిండడం, వాగులోకి బొళ్లుమని ఒలకడం. గొయ్యిలో అడుగున మిగిలిన మడుగు నీళ్లే నక్క పిల్లలు తాగేవి.

ఇటు బావిలో కప్ప మెట్టు ఆరింది. "ఇదేం చోద్యం! నా ఇల్లు ఎండింది," అని కప్ప ఇంకో రాయి కిందికి దిగింది. అదీ ఆరింది. బావి అడుగున చెంబెడు బురద నీళ్లు మిగిలాయి. మేత ఎంత తిన్నా బొల్లావుకు పాలు తగ్గాయి. నీళ్లు లేనిదే పాలెక్కడివి? దూడ పొదుగు కుమ్మి కుమ్మి, ఏడుపు కూడా రాక పడుకునేది.

"దూడ ముక్కు ఎండిపోతోంది. చూశావా?" అంది బొల్లావు.

"రేపు ఇంకో నాలుగు బానలు ఎక్కువ తోలతాను. ఇంకాస్త మేత ఇమ్మంటాను," అంది ఎద్దు. పాపం, అది ప్రేమే. తెలివి లేని ప్రేమ ఇంటికి ఎంత చేటో అప్పుడు దానికి తెలియదు.

బావి ఎందుకు ఎండుతోందని బొల్లావు నక్కను అడగబోయింది. నక్క చెవిలో గుసగుసలాడింది. "నేను చెప్పానని అనకు వదినా. ఆ ముసలి మేక పగలంతా బావిలోనే ఉంటోంది. దాని పొట్ట చూశావా?"

ఇక చూడాలి! "బాలింత నోటి దగ్గరి నీళ్లు తాగుతావా, గడ్డపుదానా?" అని ఆవు, "నీ పొట్టతో పోలిస్తే నాది చింతగింజ!" అని మేక. రెండు కొమ్ములూ తగులుకున్నాయి. గట్టు మీద నక్క చలి కాచుకుంటున్నట్టు కూర్చుంది.

అంతలో అమావాస్య వచ్చింది. నక్క పిలిస్తే ఎద్దు లేవలేదు.

"మా తాతల నాటి నుంచి అమావాస్య నాడు మెడ మీద కాడి పడదు. చంపినా రాను."

నక్క పళ్లు కొరికి పోయింది. మోట మూగబోయింది. సాయంత్రానికి బావిలోంచి ఒకటే గోల.

"కాలు తడిసింది! అమ్మో, నా కాలు తడిసింది!"

కప్ప కూర్చున్న రాయి మునిగింది. దూడ కడుపు నిండా నీళ్లు తాగింది. మర్నాడు మళ్లీ మోట కిర్రుమంది. మధ్యాహ్నానికి రాయి బయటపడింది.

మేక ఆ కిర్రు వింటూ, ఈ రాయిని చూస్తూ నిలబడిపోయింది. మోట ఆగితే బావి ఊరుతోంది, తోలితే ఎండుతోందని ఎద్దు ఇంటికి రాగానే చెప్పింది. ఎద్దు బావిలోకి తొంగి చూసింది.

"అత్తా... నా దూడ నీళ్లు నేనే తోడి వాగులో పోశానా?"

"ఏడవకు. పద, అడుగుదాం."

గట్టు మీది నక్క నవ్వింది. "అమావాస్యకు సముద్రమే పొంగుతుంది, మీ బావి పొంగదూ? గొయ్యి నీళ్లు నావి, బావి నీళ్లు మీవి. మధ్యన గట్టుంది, కళ్లు కనపడవా? ఆ నీళ్లకూ ఈ నీళ్లకూ సంబంధమే లేదు. నా పిల్లల మీద ఒట్టు!"

ఎద్దు తల మళ్లీ కిందికి వాలింది. మేక మాత్రం గడ్డం ఊపింది.

"ఒట్టు వేశాక ఇంకేముంది నాయనా. మరి ఆ ఎండిన బావి మాకెందుకు? ఆ బురదకు ఆశపడి దూడ జారి పడుతోంది. మళ్లీ ఎవరూ మూతి పెట్టకుండా చేసి, మేం వేరే చోటికి పోతాం." అని మోదుగాకుల మూట ఒకటి నోట కరిచి తెచ్చింది.

"ఏమిటది?" అంది నక్క.

"గన్నేరు కాయలు. దంచి బావిలో కలుపుతాను. నీకేం భయం? సంబంధం లేదుగా."

మేక మెట్లు దిగసాగింది. నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. గొయ్యిలో దాని పిల్లలు మూతులు ముంచి తాగుతున్నాయి. మేక ఇంకో మెట్టు దిగింది.

"ఆగు! ఆగవే ముసలీ! మీ బావి ఊటే నా గొయ్యిలోకి వస్తోంది! నా పిల్లలు చస్తాయి!"

మేక ఆ మెట్టు మీదే ఆగింది.

"నీ పిల్లలకు దాహమైతే ఊట కలిసింది. నా దూడకు దాహమైతే గట్టు అడ్డొచ్చింది," అంది ఎద్దు. మెడ మీద ఇంకా విప్పని కాడిని విదిలించి కింద పడేసింది.

మేక మూట విప్పింది. లోపల తుమ్మకాయలు. ఒకటి కరకర నమిలి, "పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు," అంది.

మోట ఆగింది. కొండ మీంచి ఏనుగులు రాళ్లేవని ఘీంకరిస్తున్నాయి. నక్క తనే మోకు మెడకు తగిలించుకుని లాగబోయింది. నిండిన బాన బరువుకు అదే వెనక్కి ఈడ్చుకుపోయి గొయ్యిలో దబ్బున పడింది. పిల్లలు తోక పట్టి లాగితే బయటపడింది. ఆ తర్వాత చెలకలో కనబడలేదు.

బావి వెంటనే నిండలేదు. తోడినంత సులువుగా ఊరదు నీరు. ప్రతి ఉదయం అందరూ బావి అంచున మెడలు చాచి కప్పను అడిగేవారు. "ఎంతవరకు?" ఏ రాయి తడిసిందో కప్ప చెప్పేది. చివరికి ఒకనాడు పాత మెట్టు మీంచే పలికింది. దూడ ముందు దిగింది. ఎద్దు మాత్రం అందరూ తాగాక, ఆఖరున దిగింది.

గట్లు నేల మీదివే. నేల కింది నీటికి గట్టు లేదు.