ముప్పయ్యొకటో కాగితం

భ్రమరాంబ మేడమ్‌కి ఒక అలవాటుండేది. ఏ కాగితం చేతికొచ్చినా వెంటనే చదివేవారు కాదు. కిటికీ దగ్గరకు వెళ్ళి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవారు. ఎక్స్‌రే అయితే సరే, మందుల చీటీనీ, సెలవు అర్జీనీ, ఆఖరికి నేనిచ్చిన దోబీ జాబితాని కూడా అలాగే చూసేవారు. కొత్తగా చేరిన పిల్లలు వెనకాల ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వినదాన్నే. ఊరంతా పిచ్చాసుపత్రి అని పిలిచే ఆ చోట, పేషెంటుతో పాటు ఇంటివాళ్ళూ ఉండే ఫ్యామిలీ వార్డుకి నేను ఇన్‌చార్జి సిస్టర్ని. పేరు సలోమి. మేడమ్ అక్కడ పెద్ద డాక్టరు, పంతొమ్మిదేళ్ళు ఆవిడ కింద పనిచేశాను. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పగా ఒక్కసారీ చూడలేదు. ప్రశ్న అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని వార్డులోకి నడిచేవారు. దారిలో ఏది ఎదురైతే అదే పాఠం. అలా ఎదురైన ఒకదాని గురించి చెబుతాను.

మేడమ్ దగ్గర పరిశోధనకు చేరిన పిల్ల హిమజ. చురుకైనది, అన్నం వేళ కూడా కాగితం వదలని రకం. మనిషి తన మీద తాను ఎంత దయగా ఉంటాడో కొలవాలన్నది ఆ అమ్మాయి పని. దయని కొలవడమేమిటి, పాలా నూనా అని నేను ఎగతాళి చేస్తే, కొలత ఉంది సిస్టర్ అని ఒక కాగితం చూపించింది. ఇరవై రెండు వాక్యాలు. 'కష్టంలో ఉన్నప్పుడు నన్ను నేను ఓదార్చుకుంటాను', 'నా తప్పుని నేను క్షమించుకుంటాను', ఇలాంటివి. ఒక్కోదాని పక్కన అయిదు గళ్ళు, 'ఎన్నడూ లేదు' దగ్గర మొదలై 'ఎప్పుడూ' దాకా. తనకి వర్తించే గడిలో టిక్కు పెట్టాలి. జబ్బున్నవాళ్ళు నలభై మంది, లేనివాళ్ళు నలభై మంది కావాలి. జబ్బున్నవాళ్ళు మంచాల మీదే ఉన్నారు. లేనివాళ్ళ కోసం ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది? పేషెంట్లకు తోడుగా వచ్చినవాళ్ళు మా వరండాలో చాపలు పరుచుకుని ఉండనే ఉన్నారు. వాళ్ళ పేర్లనే 'ఆరోగ్యవంతులు' అన్న వరసలో రాసుకుంది. అందులో నాకూ తప్పు కనిపించలేదు.

సోమవారం పొద్దున వరండాలో కాగితాలు పంచాం. పొరపాటు పడితే దిద్దుకోవచ్చని పెన్సిళ్ళిచ్చాం. నా బల్ల సొరుగులోని రబ్బరు ముక్కలు కూడా నేనే తెచ్చి ఇచ్చాను. చదవడం రానివాళ్ళకు హిమజ చదివి వినిపించింది. గంట దాటింది. ఇంజెక్షన్ల వేళ మించిపోతోంది, వీళ్ళేమో కదలరు, ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూసుకుంటున్నారు. నాకు విసుగు పుట్టింది. నా నోటికి అదుపు లేదని మా ఇంట్లోవాళ్ళే అంటారు.

"బాగా ఆలోచించి రాయండి మరి. తేడాగా రాస్తే మీక్కూడా లోపల ఒక మంచం వేయిస్తారు మేడమ్ గారు" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో అప్పలనరసయ్య గొంతు ఉందో లేదో నేను గమనించలేదు.

అప్పలనరసయ్య జనపనార మిల్లులో పనిచేసే మనిషి. భార్య పైడితల్లిని మా దగ్గర చేర్పించి అప్పటికి నలభై రోజులైంది. ఆవిడ తిండి ముట్టేది కాదు. ఈ అన్నానికి నేను తగను అని ప్లేటు వెనక్కి తోసేసేది. ఒకసారి ప్రాణం తీసుకోబోతే ఇరుగుపొరుగు చూసి ఆపారు. అంతకుముందే గాలి సోకిందని ఎవడో మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్ళారు. వాడు ఇనుప కడ్డీ కాల్చి కుడిచేతి మీద మూడు వాతలు పెట్టాడు. ఆవిడ కదలకుండా చేతులు పట్టుకున్నది మొగుడే. కేసు షీటులో అది రాసింది నేనే, కాబట్టి నాకు తెలుసు. అతను మాత్రం ఆ సంగతి ఎత్తేవాడు కాదు. భార్యకి ముద్దలు కలిపి పెట్టేవాడు, వరండా ఊడ్చేవాడు, పక్కవాళ్ళకి వేడినీళ్ళు మోసేవాడు. అలాంటి మనిషి ఉండడని వార్డంతా చెప్పుకునేది. నేనూ అతని గురించి నిశ్చింతగా ఉన్నాను.

బుధవారం మధ్యాహ్నం హిమజ మేడమ్ గదికి వచ్చింది. నేను అక్కడే మందుల పుస్తకం మీద సంతకాలు చేయిస్తున్నాను. అనుకున్నట్టే వచ్చింది మేడమ్, పేషెంట్లకి తమ మీద దయ తక్కువ, బయటివాళ్ళకి ఎక్కువ అని సంతోషంగా చెప్పింది. తర్వాత తనని తొలుస్తున్న సందేహం అడిగింది.

"గీత ఎక్కడ గీయాలో తెలియడం లేదు మేడమ్. ఎంత మార్కు దగ్గర జబ్బు మనిషి ఆగిపోయి, మంచి మనిషి మొదలవుతాడు?"

మేడమ్ అందరికంటే ఎక్కువ ఎవరికొచ్చిందని అడిగారు. ముప్పయ్యొకటో నంబరుకి, ఇరవై రెండింటికీ పూర్తి మార్కులు అంది హిమజ. ఆ కాగితం తీసుకుని మేడమ్ అలవాటు ప్రకారం కిటికీ దగ్గరకు వెళ్ళారు. ఎత్తి పట్టుకున్న చెయ్యి ఎంతసేపటికీ దించలేదు. అప్పుడు నన్ను పిలిచారు.

వెళ్ళి చూశాను. చివరి గడిలో టిక్కులన్నీ నల్లగా, ఒత్తి పెట్టినట్టున్నాయి. మొదటి గడి, 'ఎన్నడూ లేదు' అన్న గడి, ఇరవై రెండు చోట్లా రబ్బరుతో రుద్ది రుద్ది పల్చబడిపోయింది. బల్ల మీద పెట్టి చూస్తే తెలియదు. వెలుతురులో మాత్రం చెరిపేసిన టిక్కుల గాడి ఒక్కొక్కటే కనిపిస్తోంది. 'నా తప్పుని నేను క్షమించుకుంటాను' అన్న చోట కాగితానికి చిల్లే పడింది. అందులోంచి ఎదురుగా వేపకొమ్మ కనిపించింది.

"ఈ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు మేడమ్.

హిమజ నోటుపుస్తకంలో పేరు వెతికి చదివింది. సోమవారం నేనన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది. ఎలా నడిచానో తెలియదు, వరండాలోకి వచ్చి పడ్డాను. అప్పలనరసయ్య చోటు ఖాళీగా ఉంది. చాప చుట్టి తాడుతో కట్టి గోడకి ఆనించి ఉంది. క్యారియర్ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఎక్కడికో టీకి వెళ్ళుంటాడని నాకు నేనే చెప్పుకుంటూ పైడితల్లి మంచం దగ్గరకు వెళ్ళాను. పొద్దున తన తెగిన చెప్పులు కుట్టించి తెచ్చాడని, అతని గొడుగు పక్క మంచం ముసలమ్మకి ఇచ్చేశాడని, మిల్లు వాళ్ళ నంబరు ఒక చీటీ మీద రాసి దిండు కింద పెట్టాడని ఆవిడ చెప్పింది. మంచిదేగా అన్నాను. నలభై రోజుల్లో మొదటిసారి ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"నీకు తెల్దు సిస్టరమ్మా. నీను సచ్చిపోదావనుకున్న దినం కూడా ఇలాగే అన్నీ సర్దినాను."

గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగితే ఎవరూ బయటికి పోలేదన్నాడు. క్యాంటీన్లో లేడు. మందులిచ్చే కిటికీ దగ్గర లేడు. స్నానాల గదుల తలుపులు ఒక్కొక్కటీ తోస్తుంటే, ప్రతి తలుపు వెనకా ఏం చూడాల్సి వస్తుందోనని కళ్ళు మూసుకుని తోశాను. ప్రభువా, నా నాలుక తీసుకో, ఆ మనిషిని ఇవ్వు అని పైకే అంటున్నాను. హిమజ నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది. మేడమ్ మాత్రం వరండా మధ్యలో కదలకుండా నిలబడి, ఇవాళ ఏం వారం సలోమీ అని అడిగారు.

బుధవారం. చెప్పాక గాని నాకు తట్టలేదు. వారమంతా తాళం వేసి ఉండే దోబీ మేడ మెట్లు, దుప్పట్లు ఆరేసేందుకు బుధవారం మాత్రమే తెరుస్తాం. తాళంచెవి నా నడుముకే ఉంటుంది. పొద్దున నేనే తీశాను.

మేడ మీద ఎనిమిది వరసల తడి దుప్పట్లు. గాలికి అవి ఎగిరి ముఖాన కొడుతున్నాయి, నాలుగడుగుల అవతల ఏముందో కనిపించదు. మేడమ్ చెప్పులు కిందే విడిచి వచ్చారు. అరవబోయిన నన్ను చెయ్యెత్తి ఆపారు. దుప్పట్లు పక్కకు తప్పించుకుంటూ ఒక్కో వరసా దాటాం. ఆఖరి దుప్పటి అంచు కింద రెండు పాదాలు కనిపించాయి. వాటికి అవతల మోకాలెత్తు పిట్టగోడ, ఆ తర్వాత ఆకాశం. పిలిస్తే అదిరిపడతాడేమో. పిలవకపోతే?

అప్పుడు నా పక్కనుంచి ఎవరో ముందుకు వెళ్ళారు. పైడితల్లి. మా వెనకాలే మెట్లెక్కి వచ్చిందని ఎవరికీ తెలియదు. నేను పట్టుకోబోతే మేడమ్ నా చెయ్యి నొక్కి ఆపారు. మేడమ్‌కీ మతి పోయిందనుకున్నాను, నిజం చెబుతున్నాను. పైడితల్లి జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, మూడు వాతలున్న చేతిని దుప్పటి పక్కనుంచి అవతలికి చాపింది.

"మావా, ఆ దినం ఈ సెయ్యి గట్టిగా అట్టుకున్నావు గదా. ఇప్పుడూ అట్టుకో."

ఎంతసేపు గడిచిందో నన్నడిగితే చెప్పలేను. దుప్పటి నీళ్ళు చుక్కలుగా కారడం వినిపించింది. తర్వాత పైడితల్లి భుజం ఒక్కసారి ముందుకు లాగినట్టయింది, నేను చచ్చాననుకున్నాను. ఆవిడ తూలలేదు, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చేతిని పట్టుకుని అప్పలనరసయ్య దుప్పటి కిందనుంచి ఇవతలికి వచ్చి నేల మీద కూలబడ్డాడు. ఏడుస్తూనే మేడమ్‌కి చెప్పుకున్నాడు. నిజం రాస్తే నన్నూ లోపలేసేస్తారు, దీనికి అన్నం ఎవులెడతారని సెరిపేసినానమ్మా అన్నాడు. ఆ రోజు చేతులు పట్టుకున్నప్పట్నుంచీ తనకి నిద్ర లేదని, వాత తన వొంటి మీద పడినా బాగుండేదని అన్నాడు. మేడమ్ అతని పక్కనే తడి నేల మీద కూర్చుని అంతా విన్నారు.

ఆ సాయంత్రం మగవాళ్ళ వార్డులో అతనికి మంచం వేయించాం. నేను వేళాకోళానికి అన్న మంచమే, నా చేతులతోనే దుప్పటి పరిచాను. తెల్లారి పైడితల్లి ఉప్మా ప్లేటు పట్టుకుని ఆ వార్డు గుమ్మంలో నిలబడింది. నువ్వు తింటేగాని నేను తిననని అతనన్నాడట. ఇద్దరూ ఒకే ప్లేట్లో తిన్నారు.

అదే పొద్దున హిమజ సంచి సర్దుకుని మేడమ్ గదికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. రెండు రోజులు ఆ కాగితం నా చేతిలోనే ఉంది, టిక్కులు లెక్కపెట్టాను గాని మనిషిని చూడలేదు, ఈ గదిలో నిలబడటానికి కూడా నేను తగను, చదువు మానేస్తానని చెప్పింది. నేనూ ఆగలేకపోయాను. ఆ రబ్బరు ఇచ్చింది నేను, ఆ మాట అన్నది నేను, మెట్ల తాళం తీసింది నేను, నన్ను ఈ వార్డునుంచి తీసెయ్యండి, నాలాంటిదానికి క్షమాపణ కూడా దండగే అన్నాను.

పరవాలేదని మేడమ్ అనలేదు. మందలించనూ లేదు. సొరుగు తెరిచి హిమజ అచ్చు వేయించిన కాగితాల్లో టిక్కులు పెట్టనివి రెండు తీశారు. ఒక్కొక్కటీ కిటికీ వైపు ఎత్తి చూసి, మా ఇద్దరి ముందూ చెరొకటి పెట్టారు. పక్కన చెరో పెన్సిలు. అలవాటుకొద్దీ నా చెయ్యి బల్ల మీద దేనికోసమో తడుముకుంది.

"రాయండమ్మా" అన్నారు మేడమ్. "రబ్బరు మాత్రం ఇవ్వను."