కుంపటి బూడిదలో ఆరు గుడ్లు

అనగనగా ఒక అడవి. ఎత్తయిన కొండ మీద, మబ్బులు చెట్ల కొమ్మలకి తగులుకునే చోట ఉండేది. అక్కడ చలి ఎక్కువ. పొద్దున లేచేసరికి ఆకులన్నీ మంచుకి తడిసి వేలాడుతుండేవి.

ఆ అడవి నడుమ ఒక పెద్ద కుంపటి ఉండేది. ఎప్పుడో తాతల కాలంలో పిడుగు పడి, కొండ పగులులోని నల్లరాళ్లు అంటుకున్నాయి. రాయి కూడా మండుతుందని అడవికి అప్పుడే తెలిసింది. ఆనాటి నుంచి ఆ నిప్పుని ఆరనివ్వలేదు. ఒళ్లంతా పొలుసులు, చేతులకి కొడవళ్లలాంటి గోళ్లు ఉండే అలుగులు కొండ కిందికి బొరియలు తవ్వి నల్లరాళ్లు పైకి తెచ్చేవి. కుంపటి మీద పెత్తనం నక్క బావది. రాళ్లు తెచ్చిన అలుగులకి తిండిగా చెదల గడ్డలు పంచేదీ ఆయనే.

ఇంతకీ ఆ కుంపటి ఎవరి కోసం? గుడ్ల కోసం. అడవికోళ్లు, కౌజులు, నెమళ్లు తమ గుడ్లని కుంపటి చుట్టూ వెచ్చటి బూడిదలో పెట్టి మేతకి వెళ్లిపోయేవి. ఇరవై ఒక్క రోజులకి కోడిపిల్లలు బూడిద దులుపుకుంటూ బయటికి వచ్చేవి. తల్లులు గుడ్ల మీద కూర్చోవడం మానేసి మూడు తరాలైంది. పొదగడం అనే మాట మిగిలింది. ఎలా పొదగాలో తెలిసిన తల్లి ఒక్కటీ మిగల్లేదు.

గురివింద అని ఒక అడవికోడి ఉండేది. గురివింద గింజల్లా ఎర్రటి కళ్లు ఉండేవని ఆ పేరు. మంచి మనసు గలది. ఎవరి పిల్ల తప్పిపోయినా వెతికి తెచ్చేది. అందుకే తల్లులంతా కలిసి ఆమెని తమ పెద్దగా పెట్టుకున్నారు.

ఏటా మోదుగలు పూసే రోజుల్లో కుంపటి దగ్గర సభ జరిగేది. గుడ్లు బూడిదలో ఉండేది అప్పుడే. అందరూ అక్కడికి చేరేదీ అప్పుడే.

ఒక ఏడు ఆ సభకి తాబేలు తాత వచ్చాడు. దక్షిణపు వాలు నుంచి మూడు రోజులు నడిచి వచ్చాడు.

"పెద్దయ్యా," అన్నాడు, సభకి పెద్ద అయిన అడవిదున్నతో. "పోయినేడు పుట్టిన పిల్లల్లో సగం దగ్గుతూనే పుట్టాయి. సగం గుడ్లు పగలనే లేదు. పొగ అలా కమ్మింది. మా వైపు ఎండబండ ఉంది. మా తాబేళ్ల గుడ్లన్నీ దాని పక్క ఇసుకలోనే పిల్లలయ్యాయి. ఆ బండ పగలంతా ఎండ తాగుతుంది. పొద్దు గుంకాక కూడా జాముసేపు వేడి వదలదు. ఆ తర్వాత తెల్లారేదాకా తల్లులు పొదిగితే చాలు. ఇక ఈ కుంపటి అక్కర్లేదు."

"రాత్రంతా కూర్చోవాలా?" అంది ఒక కౌజు. "నడుములు పడిపోవూ?"

"మీ అమ్మమ్మలు పగలూ రాత్రీ కూర్చున్నారమ్మా. అది మరిచిపోతే మళ్లీ నేర్చుకోవచ్చు."

నక్క బావ గొంతు సవరించుకున్నాడు. "తాత మాట బంగారం. మారాల్సిందే. నేనెప్పుడూ ఎండకి ఎదురు కాదు. కానీ చూడకుండా దూకలేం కదా. ముగ్గురితో ఒక సంఘం వేద్దాం. బండ ఎంత వేడెక్కుతుందో వాళ్లు వెళ్లి చూసి చెప్తారు."

గుడ్లగూబ, గబ్బిలం, పునుగుపిల్లి. ఈ ముగ్గురితో సంఘం వేశారు.

దున్న పెద్దయ్య గురివింద వైపు తిరిగాడు. "గుడ్లు మీవి తల్లీ. సంఘం సంగతి సంఘానిది. ఇప్పుడే మారదామంటే ఇప్పుడే మారదాం. మీ మాటే చివరి మాట."

గురివింద బూడిదలోకి చూసింది. ఆరు గుడ్లు, వెచ్చగా, పక్కపక్కనే ఉన్నాయి.

"తాత చెప్పింది నిజమే పెద్దయ్యా," అంది. "కానీ నా గుడ్లు పెట్టి పది రోజులైంది. నడుమ కదిపితే మురిగిపోతాయి. ఈ ఒక్కసారికి కానివ్వండి. వచ్చే ఏడు తప్పకుండా మారదాం."

తల్లులంతా తలలూపారు. అందరి గుడ్లూ బూడిదలోనే ఉన్నాయి మరి.

ఆ ఏడు ఆమె ఆరు గుడ్లలో నాలుగే పగిలాయి.

ఆ సభ నుంచి వెళ్లేముందు తాబేలు తాత ఒక మాట చెప్పాడు. "వచ్చేసారి సభ ముందే పెట్టుకుందాం. గుడ్లు పెట్టకముందే. అప్పుడైతే ఎవరికీ అడ్డు ఉండదు." అందరూ సరేనన్నారు. తాత వానలు వెలిసిన వెంటనే బయల్దేరి వచ్చి కుంపటి దగ్గర కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. అడవి నిండా పురుగులు, పండ్లు, గింజలు ఉన్నాయి. గుడ్లు లేనప్పుడు కుంపటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? గురివింద కూడా మేతలో పడి మరిచిపోయింది. తాత ఎనిమిది రోజులు చూసి తిరిగి వెళ్లాడు.

మళ్లీ మోదుగలు పూశాయి. మళ్లీ సభ పెట్టారు. మళ్లీ తాత నడిచి వచ్చాడు.

సంఘం తరఫున గుడ్లగూబ లేచింది. "మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ బండ మీద కూర్చున్నాం. చల్లగానే ఉంది."

"ఏ వేళప్పుడు వెళ్లారమ్మా?" అన్నాడు తాత.

"మాకు కళ్లు కనిపించే వేళప్పుడు."

సభలో కొందరు నవ్వారు. గురివింద కూడా నవ్వింది. నక్క బావ మాత్రం నవ్వలేదు.

"సంఘాన్ని ఎగతాళి చేయడం తగదు," అన్నాడు. "అయినా నేను మాటిస్తున్నా. పది వానాకాలాల్లో కుంపటి ఆర్పేస్తాం. ఈలోగా పిల్లలకి చలి తగలకుండా ఒక్క కొత్త బొరియ తవ్వుదాం. దాని పేరు చివరి బొరియ."

"పోయినేడు తవ్వినదాని పేరేమిటి బావా?"

"అదీ చివరి బొరియే తాతా. ఇది ఇంకా చివరిది."

కొత్త బొరియ నోటికి పచ్చటి మామిడాకులు కట్టారు. దున్న పెద్దయ్య మళ్లీ గురివిందని అడిగాడు. ఆమె గుడ్లకి ఇంకా వారం పట్టేలా ఉంది. "ఈ ఒక్కసారికి," అంది ఆమె. ఈసారి ఆ మాట నోటికి తేలిగ్గా వచ్చింది.

ఆ ఏడు రెండే పగిలాయి. రెండు పిల్లలూ దగ్గుతూ దగ్గుతూ వానలు రాకముందే పోయాయి.

మూడో ఏడు గురివింద ఆరు గుడ్లు పెట్టింది. ఆమెకి వయసు మళ్లింది. ఇవే ఆఖరి గుడ్లని ఆమెకి లోపల తెలుసు. రోజుకి పదిసార్లు వచ్చి బూడిదని ముక్కుతో తాకి చూసుకునేది.

సభకి ముందురోజు పొద్దున పొలుసన్న అనే అలుగు ఆమె దగ్గరికి వచ్చాడు. ఏటా తనకిచ్చిన చెదల గడ్డలో కొంత విరిచి ఆమె పిల్లలకి పెట్టేవాడు. ఆ రోజు అతని గోళ్లు కమిలి ఉన్నాయి.

"వదినా, కింద నేల కాలుతోంది," అన్నాడు. "గోరు ఆనించలేకపోతున్నా. రాళ్లు వాటంతట అవే పొగ వదులుతున్నాయి. నిప్పు కిందికి దిగింది."

"నక్క బావకి చెప్పావా?"

"చెప్పాను. మంచిదేగా, రాళ్లు ముందే వేడెక్కి ఉంటాయి, తొందరగా అంటుకుంటాయన్నాడు."

"ఇంకెన్నాళ్లు ఆగుతుంది పొలుసన్నా?"

"నిప్పు నాతో చెప్పి వస్తుందా వదినా? రేపు సభలో నువ్వు చెప్పు. నేను చెప్తే పనికి బద్ధకించి అంటున్నాడంటారు. నీ మాట వింటారు."

గురివింద సరేనంది. నిజంగానే చెబుదామనుకుంది.

మర్నాడు సభలో తాబేలు తాత లేచాడు. ఆ ఏడు ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "కొత్తేమీ లేదు. పాతదే చెప్పడానికి వచ్చాను," అని కూర్చున్నాడు.

దున్న పెద్దయ్య అడిగాడు, "ఏమంటావు తల్లీ?"

గురివింద లేచి నిలబడింది. అలుగుల వరసలోంచి పొలుసన్న ఆమెనే చూస్తున్నాడు. కాళ్ల కింద బూడిద వెచ్చగా ఉంది. ఎప్పటికంటే కాస్త ఎక్కువ వెచ్చగా ఉంది. ఇప్పుడు కింద నిప్పుందని చెబితే, ఇప్పుడే అందరూ పరుగెడతారు. గుడ్లు చల్లబడతాయి. మళ్లీ గుడ్లు పెట్టే వయసు తనకి లేదు. ఇంకా తొమ్మిది రోజులు. మూడేళ్లు ఆగిన కొండ తొమ్మిది రోజులు ఆగదా?

"ఇంకో తొమ్మిది రోజులు," అంది గురివింద. "తొమ్మిది రోజులు చూద్దాం. ఆ తర్వాత ఎండబండకి నేనే ముందు నడుస్తాను."

కింద నిప్పు ఉన్న సంగతి ఆమె చెప్పలేదు.

సభ ముగిశాక పొలుసన్న దగ్గరికి వచ్చాడు. ఆమె తల ఎత్తలేకపోయింది. అతను కోప్పడలేదు. "నీ గుడ్ల కోసమే కదా వదినా. దిగుతాలే," అన్నాడు.

ఆరు రోజులు దిగాడు. ఆరు రోజులూ పైకి వచ్చాడు. ప్రతి సాయంత్రం చేతి వేళ్లు చూపించి, "ఇంకెన్ని?" అన్నట్టు నవ్వేవాడు. గురివింద లెక్క చెప్పేది.

ఏడో రోజు పొద్దున కొండ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు చప్పుడైంది. చివరి బొరియ నోట్లోంచి పొగ వచ్చింది. దాని ముందరి చివరి బొరియలోంచి కూడా వచ్చింది. తర్వాత కుంపటి చుట్టూ ఉన్న నేల మెల్లగా కుంగింది. బూడిద, గుడ్లు, నిప్పు, అన్నీ కలిసి లోపలికి జారాయి. కింద ఉన్న అలుగుల్లో ఒక్కటి కూడా పైకి రాలేదు.

గురివింద అంచున నిలబడి పిలిచింది. "పొలుసన్నా." ఇంకోసారి పిలిచింది. మూడోసారి పిలవబోతే పొగ గొంతులోకి వెళ్లింది.

ఆమె గుడ్లలో రెండు మాత్రం అంచున రాతి సందులో చిక్కుకుని ఉన్నాయి. వాటిని ముక్కుతో దొర్లించుకుంటూ దక్షిణపు వాలు దారి పట్టింది. చుట్టూ అడవి అంతా పరుగెడుతోంది. నక్క బావ ఆమెని దాటి వెళ్తూ, "పక్క కొండలో కూడా నల్లరాళ్లున్నాయట గురివిందా, రా," అన్నాడు. ఆమె దారి మార్చలేదు.

దారిలో ఒక గుడ్డు రాయికి తగిలి పగిలింది. లోపల పిల్ల ఉంది. ఈకలు కూడా వచ్చాయి. గురివింద దాని మీద ఒక ఆకు కప్పి, మిగిలిన గుడ్డు దొర్లించుకుంటూ నడిచింది.

ఎండబండ దగ్గర తాబేలు తాత ఉన్నాడు.

"తాతా, వచ్చేశాను," అంది. "బండ ఏదీ? వేడి ఏదీ?"

"బండ ఇదేనమ్మా," అన్నాడు తాత.

గురివింద బండ మీద కాలు పెట్టింది. చల్లగా ఉంది. తల ఎత్తి చూసింది. కొండ లోంచి లేచిన పొగ ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుంది. మిట్టమధ్యాహ్నం పొద్దు మాసిన గుడ్డముక్కలా ఉంది. దాని వేడి కిందికి దిగడం లేదు.

"ఈ పొగ ఎప్పుడు పోతుంది తాతా?"

"కొండ కడుపులో రాళ్లు ఉన్నంత కాలం వస్తుందమ్మా. నేను ఉండగా పోదు. నువ్వు ఉండగా కూడా పోదు."

"అయితే పొదుగుతాను. అమ్మమ్మలు పొదిగారన్నావుగా. చెప్పు, ఎలా కూర్చోవాలి?"

తాబేలు తాత తల అడ్డంగా ఊపాడు. "మా తాబేళ్లు ఇసుకలో పెట్టి వెళ్లిపోయేవి తల్లీ. పొదగడం నాకు తెలీదు. మీ వాళ్లలో ఎవరికైనా గుర్తుందేమో అడగాలి."

అడగడానికి ఎవరూ లేరు. గురివింద తనకి తోచినట్టు గుడ్డు మీద కూర్చుంది. ఒకసారి రెక్క కప్పి చూసింది. ఒకసారి కాళ్ల మధ్య దాచి చూసింది. పొట్ట ఈకలు పీకి, ఉత్త చర్మాన్ని ఆనించి చూసింది. ఏది సరైనదో తెలియలేదు. మేతకి లేవలేదు.

రెండు రోజులు గడిచాయి. లోపలి నుంచి ముక్కుతో పొడిచిన చప్పుడు రావాల్సిన రోజు అది. గురివింద చెవి ఆనించి వింది. ఏ చప్పుడూ లేదు. ఆ మర్నాడూ లేదు. ఆ పై రోజూ లేదు. గుడ్డు బండలాగే చల్లగా ఉంది.

"లే తల్లీ," అన్నాడు తాత. "కాస్త నీళ్లన్నా తాగు."

గురివింద లేవలేదు. గుడ్డుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పొగ పట్టిన ఎర్రటి కళ్లతో తాత వైపు చూసింది.

"ఇంకో తొమ్మిది రోజులు చూద్దామా తాతా?"

తాబేలు తాత ఆమె పక్కకి జరిగి కూర్చున్నాడు. పైన పొద్దు ఎక్కడుందో తెలియకుండానే సాయంత్రమైంది.

నీతి: తప్పదని తెలిసిన మార్పుని మన గుడ్లు పిల్లలయ్యేదాకా ఆపితే, మనం మారడానికి లేచిన రోజున మారడానికి చోటు మిగలదు.